డిశ్చార్జ్ షీటులో లేనివి

లిఫ్ట్ దిగగానే గ్యాస్ వాసన. మా ఫ్లోర్‌లో మూడు ఫ్లాట్లు. ఎవరింట్లోనో అనుకుంటూ మా తలుపు తీశాను. మా ఇంట్లోనే! గుప్పున కొట్టింది. వంటింట్లోకి పరిగెత్తితే, మావాడు స్టవ్ పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. పాలు పొంగి మంట ఎప్పుడో ఆరిపోయింది. నాబ్ మాత్రం ఫుల్‌గా తిప్పే ఉంది.

సిలిండర్ కట్టేసి కిటికీలు తీస్తుంటే, "ఏంట్రా హడావుడి, చెమటలు పట్టాయి నీకు" అంటూ ఫ్యాన్ స్విచ్ వెయ్యబోయాడు. చెయ్యి పట్టుకుని లాగేశాను.

"వాసన రావట్లేదారా నీకు?"

"ఏం వాసన?"

జోక్ కాదు. మొహం చూస్తే తెలుస్తోంది. నాలుగు నెలలుగా మాకెవ్వరికీ అర్థంకాని విషయం ఆ రెండు మాటల్లో బయటపడింది.

వాడూ నేనూ ఇంజినీరింగ్ నుంచి ఒకే బెంచి. వాళ్లది నరసరావుపేట. హైదరాబాద్‌లో ఒకే ఫ్లాట్, ఇప్పుడు ఒకే ప్రాజెక్ట్ కూడా. నాలుగు నెలల క్రితం ఓ వాన రాత్రి, సర్వీస్ రోడ్డు మీద ఇసుక మీదకెక్కి బండి జారింది. హెల్మెట్ ఉంది. స్ట్రాప్ పెట్టుకోలేదు. (మనలో ఎంతమంది పెట్టుకుంటాం, నిజం చెప్పండి? చలాన్ కెమెరాకి కనపడితే చాలు మనకి.) హెల్మెట్ ఒకవైపు, వాడు ఒకవైపు పడ్డారు. పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయిన ఓ ఆటో అన్న హాస్పిటల్లో చేర్చాడు. స్కానింగ్‌లో నుదుటి వెనక మెదడు మీద చిన్న కంట్యూషన్, అంటే కమిలిన గాయం. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. 5వ రోజు ఇంటికి పంపించేశారు.

డిశ్చార్జ్ షీటు నేనే తీసుకున్నాను. 'కన్షస్, కోహెరెంట్, ఓరియెంటెడ్' అని ఉంది. జీసీఎస్ 15/15. మావాడు బీటెక్‌లో ఏ సబ్జెక్టులోనూ నూటికి నూరు తెచ్చుకోలేదు కాబట్టి దాని మీద వాట్సప్ గ్రూప్‌లో రెండ్రోజులు జోకులేసుకున్నాం. జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్. 1974లో ఆ ఊళ్లో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేసిన లెక్క. కళ్లు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6 మార్కులు. అసలేమీ చెయ్యకపోయినా 3 వస్తాయి. తలకి దెబ్బ తగిలినవాడు ఇప్పుడు ఎంత స్పృహలో ఉన్నాడో డాక్టరూ నర్సూ ఒకే భాషలో మాట్లాడుకోవడానికి అది గొప్ప సాధనం. హాస్పిటల్‌కి వచ్చినప్పుడు 13 నుంచి 15 మధ్య ఉంటే 'మైల్డ్' అంటారు. మావాడు వచ్చినప్పుడు 13. అంటే మైల్డ్.

కానీ ఆ లెక్క చెప్పేది మెలకువ గురించి మాత్రమే. మనిషి గురించి కాదు. సర్వర్‌కి పింగ్ కొడితే రిప్లై వచ్చింది కదా అని లోపల డేటాబేస్ బాగానే ఉందనుకుంటామా? ఆఫీసులో అనుకోం. మావాడి విషయంలో అనుకున్నాం.

మొదట దెబ్బ తిన్నది ఆంటీ. కొడుకుని చూసుకోవడానికి నరసరావుపేట నుంచి వచ్చి నెల రోజులున్నారు. వాడికి ప్రాణమని చేపల పులుసు చేస్తే, రెండు ముద్దలు తిని కంచం తోసేశాడు. "ఏం చేశావే ఇది, గడ్డి తిన్నట్టుంది" అన్నాడు. ఆ మాట అనే రకం కాదు వాడు. హాస్టల్లో సాంబారుని కూడా మెచ్చుకుని తిన్నవాడు. ఆంటీ బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. "హైదరాబాద్ జీతం వచ్చాక మా చేతివంట ఆనట్లేదు బాబూ" అని నాతో అన్నారు. నేను కూడా అదే అనుకున్నాను. పొగరెక్కిందని.

తర్వాత ఆఫీసు. ఒకప్పుడు ప్రొడక్షన్‌లో ఏం పగిలినా రాత్రి 2 గంటలకి లేచి లాగ్స్ చూసి తప్పెక్కడుందో చెప్పేసేవాడు. ఇప్పుడు అరగంట మీటింగ్ అయితే పదిహేనో నిమిషానికే కళ్లలో వెలుగు ఉండదు. మధ్యాహ్నం 3 అయితే నిద్ర. చెప్పిన పని చేస్తాడు. చెప్పకపోతే స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఓ రోజు కొత్తగా చేరిన అమ్మాయి ఏదో డౌట్ అడిగితే, ఫ్లోర్ మొత్తం తిరిగి చూసేలా అరిచాడు. అరిచిన అరగంటకి వాడికి అది పెద్ద విషయంగా కూడా గుర్తులేదు.

ఇక్కడ నా వంతు ఒకటుంది, అది దాచి మిగతాది రాయడం బాగోదు. రేటింగులు ఇచ్చే నెలలో మా లీడ్ కాఫీ తాగుతూ యథాలాపంగా అడిగాడు: "మీవాడు ఎలా ఉన్నాడు? హెల్త్ అంతా సెట్ అయినట్టేగా?" నేను అన్నాను: "హెల్త్ ఓకే అండీ. కొంచెం ఇంట్రెస్ట్ తగ్గినట్టుంది." అంతే. రెండు వారాల తర్వాత వాడికి అడుగు రేటింగ్ వచ్చింది. నా ఒక్క మాటకే వచ్చిందని కాదు. కానీ ఆ మాట నేను అన్నాను.

గ్యాస్ వాసన రాని ఆ రాత్రి తర్వాత న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పాత స్కాన్ చూశారు, అక్కర్లేనట్టు పక్కన పెట్టారు. వాణ్ని కళ్లు మూసుకోమని ముక్కు దగ్గర చిన్న డబ్బా పెట్టారు. కాఫీ పొడి. నాకు కుర్చీలోకే వాసన వస్తోంది. వాడు, "ఎప్పుడు పెడతారు మేడమ్?" అన్నాడు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. మెదడు 1300, 1400 గ్రాముల మెత్తటి పదార్థం, జున్నులాగా ఉంటుంది. బండి ఆగుతుంది, పుర్రె ఆగుతుంది, లోపలి జున్ను ఆగదు. ముందుకి వెళ్లి కొట్టుకుంటుంది, వెనక్కి వస్తుంది. పుర్రె లోపల అన్నిచోట్లా నున్నగా ఉండదు. కళ్లకి పైనా, కణతల దగ్గరా ఎముక గరుకుగా గట్లుగట్లుగా ఉంటుంది. అందుకే దెబ్బ తలలో ఎక్కడ తగిలినా, కమిలేది ఎక్కువగా నుదుటి వెనక భాగం, కణతల వెనక భాగం. ఇక వాసన నరాలు ముక్కు పైన జల్లెడలాంటి ఎముకలో చిల్లుల గుండా మెదడులోకి వెళ్లే సన్నటి పోగులు. మెదడు ఊగినప్పుడు అవి పుటుక్కున తెగిపోతాయి. స్కాన్‌లో ఆ పోగులు కనపడవు.

వాసన పోతే పోయిందిలే, చూపు పోలేదు కదా అనుకుంటాం. కానీ నాలిక్కి తెలిసేది ఉప్పు, తీపి, పులుపు, చేదు, ఇంకొంచెం. చేపల పులుసుని చేపల పులుసు చేసేది ముక్కు. మెంతుల వాసన, కొత్తిమీర వాసన, నూనె తేలిన ఇగురు వాసన ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఉప్పగా పుల్లగా ఉండే వేడి నీళ్లు. వాడు గడ్డి అన్నది పొగరు కాదు, రిపోర్ట్. ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను. అటు నుంచి చాలాసేపు మాట లేదు. "మరి నాతో చెప్పొచ్చుగా బాబూ" అన్నారు చివరికి. ఏం పోయిందో వాడికే తెలీదు ఆంటీ, ఏం చెప్తాడు?

మిగతా సంగతీ అంతే. నుదుటి వెనక భాగం చేసే పనులు ఏవో చూడండి: పని మొదలుపెట్టడం, ఏది ముందు ఏది వెనక అని వరస పెట్టుకోవడం, నోటిదాకా వచ్చిన మాటని ఆపడం. ఇవి దెబ్బతింటే బయటికి రోగంలా కనపడదు. బద్ధకంలా, మొండితనంలా, నోటిదురుసులా కనపడుతుంది. పైగా తల ఒక్కసారి విసురుగా తిరిగినప్పుడు లోపలి నరాల తీగలు సాగి, కొన్ని తెగుతాయి. సీటీ స్కాన్ రక్తాన్నీ, విరిగిన ఎముకనీ బాగా పట్టుకుంటుంది, ఈ తీగల్ని కాదు. ఎమ్మారై కొంత మెరుగు, అదీ మొత్తం చూపించదు. తెగినచోట మెదడు చుట్టుదారులు వెతుక్కుంటుంది. మామూలు మీటింగ్‌కే డబుల్ పని. మధ్యాహ్నం 3 గంటల నిద్ర అందుకే.

సైకాలజీ పుస్తకాలన్నిట్లో ఉండే ఫినియాస్ గేజ్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం బండలు పేలుస్తుంటే మూడున్నర అడుగుల ఇనప కడ్డీ చెంప కింద నుంచి దూరి నడినెత్తి నుంచి బయటికి వచ్చింది. బతికాడు. మాట్లాడాడు, నడిచాడు. కానీ నెమ్మదస్తుడైన ఫోర్‌మన్ కాస్తా బూతులు తిడుతూ, ఏ పనిమీదా నిలవకుండా తయారయ్యాడని, పాత స్నేహితులు పోల్చుకోలేకపోయారని ఆయన డాక్టర్ రాశాడు. అందరూ కథ ఇక్కడితో ఆపేస్తారు. గేజ్ తర్వాత చిలీ వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బగ్గీలు తోలాడు. ప్రయాణికులు, టైమింగులు, మలుపుల రోడ్లు. ఏ పనికీ పనికిరాడనుకున్న మనిషికి అది చిన్న పనేం కాదు. రోజూ ఒకే వరసలో సాగే పని ఆయన్ని నిలబెట్టి ఉంటుందని ఇప్పటి పరిశోధకులు కొందరు అంటారు. 1860లో ఫిట్స్ వచ్చి చనిపోయాడు, దెబ్బ తగిలిన పదకొండేళ్లు దాటాక. ఈ చివరి వాక్యం నేను మావాడికి చదివి వినిపించలేదు. తలకి దెబ్బ తగిలినవాళ్లకి ఫిట్స్ నెలలకో, ఏళ్లకో కూడా రావచ్చని, వస్తే దాచకుండా చెప్పాలని మాత్రం డాక్టరమ్మే వాడికి చెప్పారు.

తల తిప్పితే కళ్లు తిరగడం కూడా ఉండటంతో, దానికి ఎక్సర్‌సైజుల కోసం ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు వెళ్లాం. పెద్ద హాలు. ఒక మూల మావాడు గీత మీద నడుస్తుంటాడు. ఇంకో మూల చక్రాల కుర్చీలు. అక్కడ పరిచయమయ్యాడు నల్గొండ వైపు నుంచి వచ్చిన ఓ గీత కార్మికుడు. మాకంటే రెండు మూడేళ్లు పెద్ద. తాటిచెట్టు మీద మోకు జారింది. వెన్నెముక డి4 దగ్గర విరిగింది. ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు.

మావాడికి పూర్తిగా తిరగేసిన కేసు అది. ఆయన దెబ్బ హాలు ఈ చివర నుంచే కనపడుతుంది. కానీ అక్కడ కూడా మేం చూసేది తప్పు. కాళ్లు పడిపోయాయని చూస్తాం. ఆయన భార్యని అడిగితే కాళ్ల ఊసే ఎత్తదు. "కాళ్లదేముందన్నా, కుర్సీ ఉన్నది. నా భయమంత మూత్రం, పుండ్లు" అంది.

వెన్నుపాము అంటే మన చిటికెన వేలంత మందం. అందులో కాళ్లకి వెళ్లే వైర్లే కాదు, మూత్రాశయానికీ, పేగులకీ, చెమటకీ, రక్తనాళాలకీ వెళ్లేవి కూడా ఉంటాయి. ఒకేచోట కూర్చుంటే మనకి తిమ్మిరెక్కి కదులుతాం. ఆయనకి ఆ కబురు పైకి రాదు. చర్మం నలిగి, రక్తం అందక, పుండు పడుతుంది. పైకి రూపాయి బిళ్లంత, లోపల గుప్పెడంత. అందుకే రాత్రి రెండు గంటలకోసారి ఫోన్ అలారం పెట్టుకుని పక్కకి తిప్పుతుందామె. ఈ రెండు గంటల లెక్కకి పెద్ద చరిత్రే ఉంది. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో వెన్ను దెబ్బల సైనికుల వార్డు మొదలుపెట్టిన లుడ్విగ్ గట్‌మన్, పగలూ రాత్రీ రెండు గంటలకోసారి పేషెంట్లని తిప్పాల్సిందేనని పట్టుబట్టాడు. అప్పటిదాకా అలాంటివాళ్లలో చాలామంది పుండ్లతో, మూత్రం ఇన్‌ఫెక్షన్లతో పోయేవాళ్లు. బతకడం మొదలయ్యాక వాళ్లకి ఆటలు పెట్టాడు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే 16 మందితో విలువిద్య పోటీ. ఇప్పటి పారాలింపిక్స్‌కి వేరు అదే.

ఓ సాయంత్రం హాల్లోనే ఆయనకి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి. మొహం ఎర్రగా అయిపోయి, నుదురు మీద ధారగా చెమట. ఛాతీ కింద మాత్రం చర్మం పొడిగా, చల్లగా. మేం బీపీ మిషన్ ఎక్కడని పరిగెడుతున్నాం. ఆమె కంగారు పడలేదు. పడుకున్న మనిషిని నిటారుగా కూర్చోబెట్టింది, బెల్టు వదులు చేసింది, యూరిన్ పైపుని వేలితో పైనుంచి కిందిదాకా తడిమింది. "పైపు మెలివడ్డదన్నా, గంతే" అని సరిచేసింది. బ్యాగ్ నిండుతుంటే మొహంలో ఎరుపు దిగడం నా కళ్లతో చూశాను. ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారట. వెన్ను గాయం డి6 దగ్గర గానీ ఆ పైన గానీ ఉన్నవాళ్లకి వస్తుంది. మూత్రాశయం నిండిందన్న కబురు మెదడుకి చేరదు, కింద రక్తనాళాలు మాత్రం బిగుసుకుపోయి బీపీ పైకి లేస్తుంది. తగ్గించమని మెదడు పంపే ఆర్డరు గాయం దాటి కిందికి దిగదు. ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం దాకా వెళ్లొచ్చు. మా ఆఫీసులో ఏదైనా డౌన్ అయితే పదిమంది కాల్‌లో చేరి అది ఎవరి టీమ్ పనో తేల్చడానికే గంట పడుతుంది. ఈమె నిమిషంలో రూట్ కాజ్ పట్టింది. చదివింది ఏడో తరగతి. నర్సు ఒక్కసారి చూపించిందట.

2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు మొదలుపెట్టింది. ఆయన పడింది అంతకుముందు.

అక్కడే కూర్చున్న ఫిజియో మేడమ్ని, మావాణ్ని ఆటోలో కూర్చోబెట్టి తెచ్చిన సంగతి చెప్పి, అది తప్పా అని అడిగాను. మెడకో వెన్నుకో దెబ్బ ఉందన్న అనుమానం ఉంటే, అంబులెన్స్ వచ్చేదాకా తల, మెడ, నడుము ఒకే గీతలో ఉంచి కదలకుండా చూడాలి. తప్పనిసరై తిప్పాల్సి వస్తే నలుగురు కలిసి దుంగని దొర్లించినట్టు ఒకేసారి దొర్లించాలి అన్నారు. మావాడి మెడకి ఏమీ కాలేదు కాబట్టి సరిపోయింది. ఆ ఆటో అన్నని తప్పు పట్టను. వానలో ఎంతమంది ఆగకుండా వెళ్లారో! కేసు భయంతో ఆగనివాళ్లు ఒకటి తెలుసుకోండి: మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఎ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ కేసు ఉండదు. పేరు, అడ్రస్ చెప్పమని బలవంతమూ చెయ్యకూడదు.

ఇంకో మాట, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకి. బాత్రూమ్‌లో జారి తల తగిలి, "ఏం కాలేదులే" అని లేచి కూర్చున్న తాతయ్యకి, మూడు నాలుగు వారాల తర్వాత మాట తడబడినా, నడక తూలినా వయసు మీద పడిందనుకోవద్దు. మెదడు మీద పొరల మధ్య రక్తం మెల్లగా చేరుతూ ఉండొచ్చు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో మరీను. టైముకి చూస్తే తీసెయ్యగలిగింది అది.

మావాడి ఇప్పటి పరిస్థితి: డాక్టర్ లెటర్ తీసుకుని లీడ్‌తో మాట్లాడాం. మీటింగులు 25 నిమిషాలు, మధ్యాహ్నం ఓ గంట బ్రేక్, ఒకసారి ఒకే టికెట్. నైట్ ఆన్-కాల్ తీసేశారు. రేటింగ్ మారలేదు. అరిచిన అమ్మాయికి సారీ చెప్పాడు, నేను గుర్తు చేస్తే. కోపం వచ్చే ముందు చెవులు వేడెక్కుతాయని వాడే కనిపెట్టాడు. అప్పుడు లేచి వాటర్ బాటిల్ నింపుకోవడానికి వెళ్తాడు. రోజుకి ఆరు బాటిళ్లు అవుతున్నాయట. వంటింట్లో గ్యాస్ డిటెక్టర్ పెట్టాం. వాసన తిరిగొస్తుందా అంటే, కొంతమందికి మొదటి ఏడాదిలో కొంత వస్తుంది, కొంతమందికి రాదు అన్నారు. రోజూ పొద్దున్న లవంగం, నిమ్మతొక్క, ఇంకో రెండు సీసాలు వాసన చూసే ప్రాక్టీసు చేస్తున్నాడు.

ఈ కాలమ్ రాసేముందు లీడ్‌తో నేనన్న మాట వాడికి చెప్పాను. మూడు రోజులు మొహం చాటేశాక, ఓ రాత్రి బట్టలు ఆరేస్తూ చెప్పేశాను.

"తెలుసు మామా" అన్నాడు. "రేటింగ్ రోజే లీడ్ చెప్పాడు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నేనూ అదే అనుకున్నా కదరా, ఇంట్రెస్ట్ తగ్గిందని." బకెట్‌లో ఆఖరి చొక్కా దులిపి తీగ మీద వేశాడు. "నాకు పని చెయ్యబుద్ధి కావట్లేదు, నేనే సోంబేరి అయిపోయా అనుకున్నా."

ఆంటీ పోయిన వారం సీసా పంపించారు. ఈసారి కారం బాగా దట్టించి. కారం మంట తెచ్చే నరం వేరే, అది ముక్కుతో పనిలేకుండా నేరుగా తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది ఆవిడ గుర్తుపెట్టుకున్నారు. ఆదివారం వేడన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకున్నాడు. ముద్ద పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేంత ఘాటుకి ఊదుకుంటూ నవ్వాడు. రెండో ముద్ద. మూడో ముద్ద. అన్నం మారు వడ్డించుకున్నాడు. యాక్సిడెంట్ తర్వాత అదే మొదటిసారి.

"అమ్మకి ఫోన్ చెయ్‌రా, చింతకాయ పచ్చడి అదిరిందని చెప్దాం" అన్నాడు.

అది గోంగూర. ఫోన్ కలుపుతూ చెప్పాను. ఒక్క క్షణం కంచం వైపు చూశాడు. "సరే, గోంగూర అదిరిందని చెప్తా" అన్నాడు. అటు ఆంటీ ఫోన్ ఎత్తారు.